వాక్యం కింద రాసిన మాట

2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఏడుగురు న్యాయమూర్తుల్లో ఆరుగురు, రాష్ట్రాలు వర్గీకరణ చేసుకోవచ్చన్నారు. మర్నాడు పొద్దున్నే ఆరింటికి విస్సన్నపేటలో మా పెదనాన్న ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు పెట్టాడు. సాయంత్రానికల్లా నాకు ఫోన్ చేశాడు.

"ఏరా, నేను రాయకుండా ఉండాల్సిందంటావా?"

ఏడాది దాటిపోయింది. ఆ ప్రశ్నకి నా దగ్గర ఇంకా సరైన జవాబు తయారవలేదు. రాస్తూ వెతుక్కుందామని ఇదంతా.

పెదనాన్న తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. పేరున్న రచయితేం కాదు. కానీ మా వైపు చర్చిల్లో పాడే పాటల్లో ఓ పది ఆయనవి. సొంత డబ్బుతో రెండు పద్యాల పుస్తకాలు వేసుకున్నాడు. రిటైరయ్యాక రోజూ పొద్దున్న ఫేస్‌బుక్‌లో ఒక వాక్యం, దాని కింద నాలుగైదు వరుసల ధ్యానం. (మా ఇళ్ళ సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట: మా దగ్గర వాక్యం అంటే కర్త, కర్మ, క్రియ ఉండేది కాదు, బైబిలు వచనం.) ఈ ధ్యానాలకి తిరువూరు నుంచి కువైట్ దాకా పాఠకులున్నారు. నా పుస్తక సమీక్షలు చదివేవాళ్ళకంటే ఆయన్ని చదివేవాళ్ళే ఎక్కువ. ఇది ఒప్పుకోవడం నాకేమంత సరదాగా ఉండదు.

ఆ రోజు పోస్టులో పైన ఉన్నది గలతీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయంలో, క్రీస్తులో మనుషుల మధ్య భేదాలు లేవని చెప్పే వచనం. కింద ఆయన మాట. దేవుడు విడదీయనివాళ్ళని విడదీయడానికి కోర్టులెవరు, మాల మాదిగలు వాటాలేసుకుంటే నవ్వేది మూడోవాడు, ఇది మనల్ని ఓట్లుగా కోసుకోవడం తప్ప ఇంకోటి కాదు, అని. తెలుగు మాస్టారు కదా, భాష బాగుంటుంది.

ముందు మామూలుగానే "ఆమెన్"లు పడ్డాయి. చదవకుండా ఆమెన్ కొట్టే పాఠకులు ప్రతి క్రైస్తవ రచయితకీ ఉంటారు. వాళ్ళని చూసి రచయితలు మోసపోతారు కూడా. పది గంటలయ్యేసరికి చదివినవాళ్ళు వచ్చారు. అందులో ఒకాయన పక్క ఊరి మనిషి, మాదిగ, పెదనాన్న పాటలన్నీ నోటికొచ్చినవాడు. ఒక్క వరుస రాశాడు: "మాస్టారూ, భేదం లేదని దేవుడు మనకి చెప్పాడు సరే, మన సమాధుల తోటలో గోడకి చెప్పాడా?"

ఆ గోడ నాకు తెలుసు. చిన్నప్పుడు ఈస్టర్ తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని ఆ తోటకి వెళ్ళేవాళ్ళం. గోడకి ఇవతల మాలల సమాధులు, అవతల మాదిగలవి. చర్చి ఒకటే, పాస్టరు గారు ఒకరే, తోటకి మాత్రం రెండు గేట్లు. దాని మీద కొవ్వొత్తులు నిలబెట్టుకోవడానికి బాగుండేది. అది గోడ అని నాకు ఇంజనీరింగ్ రెండో సంవత్సరందాకా తట్టలేదు.

నేను వర్గీకరణ కావాలనేవాణ్ణి. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా మొదలైనప్పుడు బళ్ళో చేరే వయసు. ఆ ఉద్యమం అడిగింది న్యాయమని పెద్దయ్యాక, మా ఇంట్లో ఎంతమందికి ఉద్యోగాలున్నాయో గోడ అవతల ఇళ్ళల్లో ఎంతమందికి ఉన్నాయో వేళ్ళ మీద లెక్కేసుకున్నాక అర్థమైంది. కాబట్టి పెదనాన్న అభిప్రాయంతో నాకు పేచీ ఉంది. కానీ ఈ వ్యాసం ఆ పేచీ కోసం కాదు. ఆయన అడిగింది తన అభిప్రాయం ఒప్పా తప్పా అని కాదు. రాయకుండా ఉండాల్సిందా అని.

క్రైస్తవ రచయితకి రాజకీయాలెందుకు అనే సలహా మన దగ్గర రెండు గొంతుల్లో వినిపిస్తుంది. ఒకటి చర్చి గొంతు: నీ దగ్గరికి జనం ఆదరణ కోసం వస్తారు, వాళ్ళల్లో సైకిలు వాళ్ళుంటారు, ఫ్యాను వాళ్ళుంటారు, ఎందుకు చెదరగొడతావు? రెండోది సాహిత్యం గొంతు. ఇది కాస్త మర్యాదగా ఉంటుంది: మీరు రాజకీయాలు మాట్లాడండి, వింటాం, ఆ దేవుడి గొడవ మాత్రం పక్కన పెట్టండి. మొదటివాళ్ళు రాజకీయాన్ని గుమ్మం బయట విడిచి రమ్మంటారు, రెండోవాళ్ళు విశ్వాసాన్ని. చెప్పులు విడిచే చోటు మారింది, అంతే. దీనికి తోడు ఆంధ్రలో క్రైస్తవుడి అభిప్రాయం అతను నోరు తెరవకముందే ఏ పార్టీదో తేలిపోయి ఉంటుంది. రోడ్డు గుంతల గురించి రాసినా సరే.

అమెరికాలో ఈ ప్రశ్న వేరుగా ఉంటుంది. మారిలిన్ రాబిన్సన్ 'గిలియడ్' లాంటి నవల రాసింది, తన చర్చిలో ప్రసంగాలు చేసింది, రాజకీయ వ్యాసాలూ రాసింది. 2015 సెప్టెంబరులో అప్పటి అధ్యక్షుడు ఒబామా అయోవా వెళ్ళి, ఎదురు కూర్చుని ఆమెని ఇంటర్వ్యూ చేశాడు. అది న్యూయార్క్ రివ్యూ ఆఫ్ బుక్స్‌లో రెండు భాగాలుగా వచ్చింది. ఆవిడ అభిప్రాయం చెబితే కొందరు పాఠకులు పోతారు, కొందరు వస్తారు. పందెం అంతవరకే.

మన దగ్గర పందెంలో పెట్టేది వేరు. 1971 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 4 శాతం పైన. 2011కి 1.34 శాతం. నూజివీడు నుంచి విస్సన్నపేట వచ్చే రోడ్డు మీద బస్సు కిటికీలోంచి చర్చిలు లెక్కపెట్టిన ఎవరికైనా ఈ అంకె చూస్తే నవ్వొస్తుంది. మనుషులు ఎక్కడికీ పోలేదు. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులని, 1990లో బౌద్ధులని చేర్చారు. క్రైస్తవుడైన దళితుడు ఆంధ్రలో బీసీ-సి కిందికి వస్తాడు. అక్కడున్నది ఒక్క శాతం. అందుకే లెక్కలవాడు వచ్చినప్పుడు ఇంట్లో ఒక జవాబు, ఆదివారం ఇంకో జవాబు. 2009లో ఒకసారి, 2023 మార్చిలో ఇంకోసారి ఈ ఉత్తర్వు మార్చమని మన అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఈలోగా కోర్టులు ఆగలేదు. 2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు, చర్చికి వెళుతూ బాప్తిస్మం తీసుకున్నామె ఉద్యోగం కోసం హిందూ ఎస్సీనని చెప్పుకోవడం కుదరదంది. 2025 ఏప్రిల్‌లో మన హైకోర్టు, పాస్టరుగా పనిచేస్తున్నవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదంది.

ఈ సంగతులన్నీ పక్కన పెట్టి "రచయిత తన అభిప్రాయాలు పంచుకోవాలా?" అని చర్చ పెడితే అది చొక్కా లేనివాడితో ఇస్త్రీ గురించి మాట్లాడటంలా ఉంటుంది. తెలుగు క్రైస్తవ రచయిత తన విశ్వాసంతో సహా ఒక రాజకీయ మాట బయట అంటే, అది పేరూ తేదీతో సహా తన మీద తానే ఇచ్చుకున్న వాంగ్మూలం.

నా సంగతీ చెప్పాలి. నా సర్టిఫికెట్‌లో హిందూ అని ఉంటుంది. నాకు బాప్తిస్మం కాలేదు. "ఉద్యోగం రానీ, చూద్దాం" అంది మా అమ్మ. ఉద్యోగం వచ్చాక "చెల్లి చదువు కానీ" అంది. ఫేస్‌బుక్‌లో నాకు రెండు జాబితాలుండేవి: 'ఊరు', 'పుస్తకాలు'. క్రిస్మస్ ఫొటోలు ఊరికి. సమీక్షలు, చిరాకులు, రాజకీయాలు పుస్తకాలకి. ఆఫీసులో నా పని కూడా దాదాపు ఇదే, ఏ మనిషికి ఏ పేజీ కనపడాలో తేల్చే కోడ్ రాయడం. 2023లో మణిపూర్ మండుతున్నప్పుడు 'పుస్తకాలు' జాబితాకి ఒక పోస్టు రాశాను. తగలబడిన చర్చిల గురించి రాస్తూ మొదటిసారి "మా" అని వాడాను. "మా చర్చిలు" అని. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఊరికి చేరవేశారు. రాత్రి పదకొండింటికి బాబాయ్ ఫోన్: "నీ ఆవేశం బానే ఉంది కానీ, చెల్లి కౌన్సెలింగ్ పెట్టుకుని ఇట్టాంటివేంట్రా?" తీసేశాను. పోస్టు మొత్తం కాదు, ముందు ఆ "మా" ఒక్కటీ తీశాను. తర్వాత చదువుకుంటే అది ఎవరో వార్త రాసినట్టుంది. అప్పుడు మొత్తం తీసేశాను.

కాబట్టి మాట్లాడని క్రైస్తవ రచయితని చూసి పిరికివాడనడానికి నాకు నోరు రాదు. విమర్శకుడి కుర్చీలో కూర్చుని తీర్పులివ్వడం తేలిక. ఆ కుర్చీకి కూడా ఒక సర్టిఫికెట్ కావాలి మరి.

ఇదంతా ఫేస్‌బుక్‌తో వచ్చిన గొడవనుకుంటాం గానీ, జాషువాని చదివితే ఇది పాత గొడవేనని తెలుస్తుంది. 1895లో వినుకొండలో క్రైస్తవ ఇంట్లో పుట్టాడు. తండ్రిది గొల్ల కులం, తల్లి మాదిగ. గుంటూరులో లూథరన్ వాళ్ళ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పనిచేశాడు. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర కాళిదాసు 'మేఘదూతం' చదువుకున్నాడు. హిందూ పురాణ కథలు రాస్తున్నాడని చర్చి పెద్దలు ఆయన్ని వెలివేశారు. కవిత్వం చదవబోతే సవర్ణులు కులం అడిగారు. రెండు గుమ్మాల దగ్గరా ఆగిపోయిన మనిషి.

1941లో వచ్చిన 'గబ్బిలం' గురించి మనం బడిలో చెప్పుకునేదంతా కరుణరసం. నాకు ఆ కావ్యంలో అన్నిటికంటే ఆశ్చర్యం చిరునామా. గుళ్ళోకి రానివ్వని అరుంధతీసుతుడు, గుళ్ళోనే కాపురముండే గబ్బిలంతో తన కష్టం చెప్పి పంపుతాడు. ఎవరికి? కాశీ విశ్వనాథుడికి. రాస్తున్నది క్రైస్తవుడు. మనుషుల మధ్య భేదం లేదనే వచనం ఆయనకి తెలియక కాదు, చిన్నప్పట్నుంచీ విన్నదే అయ్యుంటుంది. ఆ వచనాన్ని సాక్ష్యానికి పిలవలేదు. తలుపులేసినవాళ్ళు ఏ దేవుడి పేరుతో వేశారో ఆ దేవుడి ముందే అర్జీ పెట్టాడు. దాంతో చదివేవాడు తప్పించుకోలేడు. "అది మీ బైబిల్లో ఉందేమో, మాకు లేదు" అనే దారి మూసేశాడు. అభిప్రాయం కవిది, సాక్ష్యం పాఠకుడి ఇంటిది.

పెదనాన్న పోస్టులో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. ఆయన తన అభిప్రాయానికి పైన వాక్యం పెట్టాడు. ఇక కింద ఉన్నదాంతో పేచీ పడాలంటే పాఠకుడు పైనున్నదాంతో కూడా పేచీ పడాలి. సమాధుల తోట గురించి అడిగినాయన వర్గీకరణ కావాలనుకుంటే సరిపోలేదు, ఆ అభిప్రాయం ఉన్నందుకు గలతీ పత్రికకి ఎదురు నిలబడ్డవాడయ్యాడు. ఆయన విశ్వాసి. తెల్లారి లేచి ఆదరణ కోసం చదువుకునే చోట, తన దేవుడు తన కులానికి వ్యతిరేకంగా సంతకం పెట్టి కనిపించాడు. నన్ను బాధపెట్టింది అది. అభిప్రాయం చెప్పడం రచయిత పని. పాస్టరు గొంతు అరువు తెచ్చుకుని చెబితే, పాఠకుడికి కాదనే హక్కు పోతుంది.

పెదనాన్న ఏటా సెప్టెంబరు 28న, జాషువా పుట్టినరోజున, బడి పిల్లలకి 'గబ్బిలం' పద్యాలు రాగం తీసి చదువుతాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ఆ అరుంధతీసుతుడు ఇవాళ విస్సన్నపేటలో ఉంటే గోడ అవతల పక్కవాడని ఆయనకి ఎప్పుడైనా తోచిందో లేదో నేనడగలేదు.

జాషువాది తెలివైన దాక్కోవడం కదా అని ఒక స్నేహితుడు అన్నాడు. అర్జీ పెట్టుకోవడమేంటి, నిలదీయాలి గానీ, అని తర్వాతి తరం దళిత కవులు అననే అన్నారు. ఆ మాటలో నిజముంది. కానీ దాక్కున్నాడనలేం. 'క్రీస్తు చరిత్ర' రాసి దానికే 1964లో సాహిత్య అకాడమీ బహుమతి తీసుకున్నాడు. కూతురు హేమలతని నాస్తికుడు గోరా కొడుకు లవణానికిచ్చి చేశాడు. ఆ పెళ్ళి ఫొటో ఇవాళ ఏ క్రైస్తవ రచయితైనా పోస్టు చేస్తే కింద కామెంట్లు ఎలా ఉంటాయో ఊహించుకోండి. ఏ జాబితాకి ఏది కనపడాలో ఆయన విడదీసుకోలేదు. అందరూ అన్నీ చూశారు, అందరూ ఏదో ఒకటి అన్నారు.

తర్వాతివాళ్ళల్లో నాకు ఇష్టమైన ఉదాహరణ మద్దూరి నగేష్‌బాబు. చిన్న వయసులోనే పోయాడు. ఆయన పుస్తకాల్లో ఒకదాని పేరు 'నరలోక ప్రార్థన'. హైదరాబాద్‌లో మేం కొందరం నెలకోసారి కలిసి పుస్తకాలు చదువుకుంటాం. ఒకసారి ఈ పేరు మీద మాటొచ్చింది. "మనుషుల లోకం, మనుషుల ప్రార్థన, బాగుంది" అన్నారు అందరూ. నేను పక్కకి చూశాను, ఇంకెవరైనా నవ్వుతున్నారేమోనని. ఎందుకంటే క్రీస్తు నేర్పిన ప్రార్థనని తెలుగు క్రైస్తవులు 'పరలోక ప్రార్థన' అంటారు. మా ఇళ్ళల్లో మాటలు రాకముందే అది వస్తుంది. ఆయన ఒక్క అక్షరం మార్చాడు. ఆకాశంకేసి ఎత్తిన మొహాన్ని ఆ అక్షరంతో వాడ వైపు తిప్పాడు. విశ్వాసం, ఎత్తిపొడుపు, రాజకీయం, మూడూ ఆ ఒక్క అక్షరంలో ఉన్నాయి. సాహిత్య పాఠకులకి అందులో సగమే అందింది. మిగతా సగం అందగలిగినవాళ్ళు చర్చిలో ఉన్నారు, వాళ్ళ దాకా ఆ పుస్తకం వెళ్ళలేదు. పాతికేళ్ళు తెలుగు చెప్పిన పెదనాన్నకి ఆ పేరు నేను చెప్పేదాకా తెలీదు. చెప్పగానే మాత్రం ఫోన్‌లో ఒక్క క్షణం ఆగి, "ఓరినీ" అన్నాడు. ఆ పేరు మీద నేను విన్న విమర్శల్లో అదే గొప్పది.

శివసాగర్ విషయంలోనూ ఇంతే. కృష్ణా జిల్లా మనిషి, విప్లవ కవి, పీపుల్స్‌వార్ స్థాపకుల్లో ఒకడు. కె.జి. సత్యమూర్తి అనే ఆయన అసలు పేరు తెలిసిన నాలాంటివాళ్ళకి కూడా, ఆయన పెరిగింది కెనడా మిషనరీల బళ్ళల్లో చదువుకున్న క్రైస్తవ కుటుంబంలో అని ఆయన మేనకోడలు సుజాత గిడ్ల 2017లో ఇంగ్లిషులో 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' రాసేదాకా తెలీదు. ఆ పుస్తకం న్యూయార్క్‌లో వచ్చింది. మా గుడివాడ కబురు మాకు అట్లాంటిక్ చుట్టొచ్చి చేరింది. తమిళంలో బామ 1992లోనే, కన్యాస్త్రీల మఠం విడిచి వచ్చి, 'కరుక్కు'లో చర్చి లోపలి కులాన్ని తమిళంలోనే, తన ఊరి మాటల్లోనే రాసేసింది. తెలుగులో ఆ పని కథల్లో, కవితల్లో ముక్కలు ముక్కలుగా జరిగింది తప్ప, చర్చి పాఠకుడూ సాహిత్య పాఠకుడూ ఒకేసారి ఒకే పేజీ చదవడం నేనెప్పుడూ చూడలేదు.

పెదనాన్న ఫేస్‌బుక్ గోడ మీద మొదటిసారి చూశాను. నా చర్చి చుట్టాలు, నా సాహిత్య స్నేహితులు ఇద్దరు, ఎక్కడో గల్ఫ్‌లో ఉన్న నర్సమ్మ, సమాధుల తోట గురించి అడిగినాయన, అందరూ ఒకే పోస్టు కింద. అందులో మర్యాద తక్కువే. బూతులూ ఉన్నాయి. కానీ ఆ గోడ ప్రశ్న ఏ సంఘం మీటింగులోనూ ఎప్పుడూ ఎవరూ అడగలేదు. అడిగింది అక్కడ. పెదనాన్న రాయకుండా ఉంటే అదీ ఉండేది కాదు. అందుకే ఆయన రాయకుండా ఉండాల్సిందని నేను అనలేను. రాసిన పద్ధతి గురించే నా గొడవ.

పద్ధతి మారిస్తే ఏమవుతుందో కూడా ఒకసారి చూశాం. 2025 మార్చి చివర్లో రాజమండ్రి దగ్గర రోడ్డు పక్కన ఒక పేరున్న క్రైస్తవ వక్త చనిపోయి కనిపించాడు. హత్యేనని చర్చిలు ఊరేగింపులు తీశాయి. ఏప్రిల్‌లో పోలీసులు రోడ్డు ప్రమాదమని తేల్చారు. మధ్యలో ఆ రెండున్నర వారాలు ప్రతి తెలుగు క్రైస్తవ రచయితనీ ఏదో ఒకటి చెప్పమని పాఠకులు పీకల మీద కూర్చున్నారు. చాలామంది వాక్యంతో సహా తీర్పు రాసేశారు. పెదనాన్న మూడే వాక్యాలు రాశాడు, ఈసారి తెలుగు మాస్టారి వాక్యాలు: విచారణ పూర్తిగా జరగాలి, తేలింది దాచకుండా చెప్పాలి, అప్పటిదాకా నాకు తెలిసింది మీకు తెలిసినంతే. పైన బైబిలు వచనం లేదు. దాని మీద వచ్చిన కోపం వర్గీకరణ పోస్టుకి వచ్చినదానికంటే ఎక్కువ. "మాస్టారికి విశ్వాసం సన్నగిల్లింది" అని ఒకరు. "ఎంతకి అమ్ముడుపోయావు?" అని ఇంకొకరు. అంటే వాక్యం అడుగుతున్నది రచయిత ఒక్కడే కాదు, పాఠకుడు కూడా. ఆలోచించే బరువు దించుకోవడానికి అతనికది కావాలి. ఇది నేను ముందు లెక్కలోకి తీసుకోని విషయం.

అదే ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వర్గీకరణ ఆర్డినెన్సు తెచ్చింది. రెల్లి తదితరులకి 1 శాతం, మాదిగ ఉపకులాలకి 6.5, మాల ఉపకులాలకి 7.5. పెదనాన్న అప్పుడేమీ రాయలేదు. సెప్టెంబరు 28న జాషువా జయంతికి రాశాడు. వర్గీకరణ మీద తన అభిప్రాయం మారలేదన్నాడు, ఎందుకు మారలేదో లెక్కలతో చెప్పాడు. ఆ లెక్కల్లో నాకు రెండు తప్పులు కనిపించాయి, ఆయనకి చెప్పాను, దిద్దలేదు. తర్వాత ఇలా రాశాడు: పోయినేడు దీన్ని వాక్యం కింద పెట్టి రాశాను, ఆ మాట నాది, ఆయనది కాదు, నాతో మాత్రమే పోట్లాడండి.

ఈసారి ఆమెన్లు తక్కువ. గోడ గురించి అడిగినాయన మధ్యాహ్నానికి వచ్చాడు. "సరే మాస్టారూ, ఇప్పుడు మాట్లాడుకుందాం. గోడ దగ్గర మొదలుపెడదామా?"

పెదనాన్న నాకు ఫోన్ చేశాడు. చాలాసేపు నూజివీడు మామిళ్ళ గురించి, మోకాలి నొప్పి గురించి మాట్లాడాడు. తర్వాత, "ఆ గోడ కట్టించింది ఎవరనుకున్నావు, మీ తాతేరా" అన్నాడు. "నేను తొమ్మిదో క్లాసు. ఇటుకలు మోశాను కూడా."

నాకు ఏమనాలో తోచలేదు. తాత సమాధి కూడా ఇవతల పక్కనే, ఆ గోడని ఆనుకునే ఉంటుంది.

"రాస్తావా అది?" అన్నాను.

"రాద్దామనే. సంఘంలో మనవాళ్ళు ఊరుకోరు." కాసేపాగాడు. "అందరికీ కనపడాలంటే ఏది నొక్కాలిరా, ఆ గుండ్రటి భూగోళం బొమ్మేనా?"